నాటకాన్ని చీల్చి చెండాడే విద్య

1983 ఫిబ్రవరి 22న న్యూయార్క్ బ్రాడ్‌వేలోని యూజీన్ ఓనీల్ థియేటర్‌లో ‘మూస్ మర్డర్స్’ అనే నాటకం అధికారికంగా ప్రారంభమై, అదే రాత్రి శాశ్వతంగా ముగిసిపోయింది. మూస్ అంటే ఉత్తర అమెరికా అడవుల్లో తిరిగే, వెడల్పాటి కొమ్ముల భారీ దుప్పి. ఆర్థర్ బిక్నెల్ రాసిన ఈ హాస్య హత్యాకథ కొండల్లోని ఒక పాత విడిదిలో, గాలివాన రాత్రి నడుస్తుంది. ప్రముఖ నటి ఈవ్ ఆర్డెన్ ముందస్తు ప్రదర్శనల దశలోనే తప్పుకోగా, ఆమె స్థానంలో హాలండ్ టేలర్ వచ్చారు. మరునాటి న్యూయార్క్ టైమ్స్‌లో ఫ్రాంక్ రిచ్ రాసిన సమీక్ష మాత్రం నాటకం కన్నా నలభై ఏళ్లు ఎక్కువ బతికింది, ఇంకా బతుకుతోంది. ఇకమీదట లోకంలో నాటక ప్రేక్షకులు రెండే రకాలని, ‘మూస్ మర్డర్స్’ చూసినవారు, చూడనివారు అని ఆయన మొదలుపెట్టాడు. చూసినవాళ్లందరూ టైటానిక్ నుంచి బయటపడినవాళ్లలాగా అప్పుడప్పుడూ ఒకచోట కలుసుకుంటారని కూడా జోస్యం చెప్పాడు.

ఆ మొదటి వాక్యాన్నే అందరూ ఉదహరిస్తారు. నాకు మాత్రం ఆ సమీక్షలో అసలు సరుకు ఇంకోచోట కనిపిస్తుంది. ఒళ్లంతా కట్లు కట్టి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టిన రోగి ఉన్నట్టుండి లేచి, ఏ కారణమూ లేకుండా దుప్పి వేషం వేసుకుని వచ్చిన ఆగంతకుణ్ణి మర్మస్థానంలో తన్నిన దృశ్యాన్ని తాను ఇప్పట్లో మరచిపోలేనని రిచ్ రాశాడు. ఇందులో తిట్టు లేదు, విశేషణం లేదు. వేదిక మీద జరిగినది జరిగినట్టుగా ఒక్క వాక్యంలో చెప్పాడు, అంతే. అదే నాటకాన్ని చూసిన ఇంకో విమర్శకుడు క్లైవ్ బార్న్స్, ఇది వర్ణించడానికి వీలులేనంత చెడ్డగా ఉంది కనుక వర్ణించి ఎవరి కాలాన్నీ వృథా చేయనని రాశాడు. ఆ మాటా నవ్విస్తుంది. కానీ ఆ మాటను ప్రపంచంలోని ఏ చెత్త నాటకానికైనా తగిలించవచ్చు. దుప్పి వేషాన్ని తన్నిన రోగిని మాత్రం ఇంకే నాటకానికీ తగిలించలేము.

నా వాదన ఇక్కడే మొదలవుతుంది. నాటకాన్ని ఉతికి ఆరేసే సమీక్షను క్రూరత్వమనీ, పరుల శ్రమ మీద పండించుకునే చౌక హాస్యమనీ చాలామంది పెద్దమనుషులు అంటారు. చాలా సందర్భాలలో అది నిజమే కావచ్చు. అయితే కాలానికి నిలిచిన వెటకారపు సమీక్షలను దగ్గరగా చూస్తే, వాటిలో మెరిసేది కోపం కన్నా పరిశీలన. సమీక్షకుడు మిగతా ప్రేక్షకుల కన్నా జాగ్రత్తగా చూశాడు, చూసినదాన్ని మిగతా రచయితల కన్నా పొదుపుగా చెప్పాడు. నాటకం ఒక రాత్రితో ఆవిరైపోయే కళ కాబట్టి, దాన్ని మెచ్చుకున్న వంద వ్యాసాలలో దొరకని సమాచారం ఒక్కోసారి ఈ వెక్కిరింతలోనే మిగులుతుంది.

మన తెలుగు పత్రికల నాటక వార్తలను దీని పక్కన పెట్టి చూడండి. పరిషత్తు పోటీల మరునాడు జిల్లా అనుబంధంలో వచ్చే వార్తలో జ్యోతి ప్రజ్వలన చేసిన పెద్దల పేర్లు, వారి హోదాలు, నటరాజ విగ్రహానికి వేసిన పూలమాల, దుశ్శాలువల సంఖ్య అన్నీ ఉంటాయి. నాటకం దగ్గరికి వచ్చేసరికి, నటీనటులు తమ తమ పాత్రలకు న్యాయం చేశారని, ప్రదర్శన ప్రేక్షకులను ఆద్యంతం ఆకట్టుకుందని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ వార్త చదివి, ముసలి తండ్రి వేషం వేసిన నటుడు కర్రను ఏ చేత పట్టుకున్నాడో, రెండో రంగంలో మైకు మూగబోయినప్పుడు ఎలా నెట్టుకొచ్చాడో, ఏ మాట దగ్గర జనం కళ్లు తుడుచుకున్నారో ఎవరూ తెలుసుకోలేరు. ఇంత మర్యాదగా రాసిన వార్తలో ఆ నటుడి శ్రమకు దక్కిన గౌరవం ఏపాటిది?

ఇక ఈ విద్యలో పేరు మోసినవాళ్ల దగ్గరికి వస్తాను. డొరతీ పార్కర్ 1918లో వానిటీ ఫెయిర్ పత్రికలో పి.జి. వోడ్‌హౌస్ స్థానంలో నాటక విమర్శకురాలిగా చేరింది. పత్రికకు ప్రకటనలిచ్చే నిర్మాతలు ఆమె రాతలకు నొచ్చుకున్నారు. ముఖ్యంగా ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ తన భార్య బిల్లీ బర్క్ నటనపై చేసిన వ్యాఖ్యను సహించలేకపోయాడు. 1920 జనవరిలో ఆమె ఉద్యోగం ఊడింది. సహోద్యోగి రాబర్ట్ బెంచ్లీ అందుకు నిరసనగా తన ఉద్యోగాన్ని కూడా వదులుకున్నాడు. నాటక సమీక్ష కోసం ఇద్దరి జీతాలు పోయిన ఈ ఉదంతాన్ని, వెటకారమంటే పైసా ఖర్చు లేని వినోదమనుకునేవాళ్లు ఒకసారి తలచుకోవాలి.

పార్కర్ పేరు చెప్పగానే గుర్తొచ్చే మాట హాలీవుడ్ నటి కేథరీన్ హెప్‌బర్న్ మీద అన్నది. 1933 డిసెంబరులో న్యూయార్క్‌లో ‘ది లేక్’ నాటకంలో హెప్‌బర్న్ నటన చూసి, ఈమె భావోద్వేగాల శ్రేణి మొత్తాన్నీ చూపించింది, ‘ఏ’ నుంచి ‘బి’ దాకా, అన్నదట. ఈ మాట అచ్చయిన సమీక్షలోది కాదని, నోటి మాటగా వ్యాపించిందని చెబుతారు. ఇలాంటి మెరుపు మాటలలో సగానికి పైగా ఇదే తంతు. మన చాటువులు పుట్టింది ఎక్కడైనా చివరికి శ్రీనాథుడి ఖాతాలోనో తెనాలి రామకృష్ణుడి ఖాతాలోనో జమ అయినట్టే, ఇంగ్లిష్ నాటకరంగంలో ఎవరో అన్న ప్రతి చురకా పార్కర్ ఖాతాలో చేరిపోయింది. అయితే ఎవరన్నారన్నది పక్కన పెట్టి మాటను చూడండి. నటి చెడ్డదని అందులో లేదు. ఆమె దగ్గర ఉన్న మెట్లు ఎన్ని, ఆమె ఎక్కినవి ఎన్ని అన్న కొలత ఉంది. అంతకన్నా కచ్చితంగా చెప్పాలంటే సమీక్షకుడికి ఒక పేజీ పట్టేది.

బెంచ్లీ కథ ఇంకా రుచికరమైనది, ఎందుకంటే అది ఓటమి కథ. 1922 మేలో ఆన్ నికల్స్ రాసిన ‘ఏబీస్ ఐరిష్ రోజ్’ బ్రాడ్‌వేలో మొదలైంది. యూదు కుర్రాడు, ఐరిష్ కాథలిక్ అమ్మాయి, ఒకరినొకరు చూస్తే భగ్గుమనే ఇద్దరు తండ్రులు; అక్కడినుంచి కథ ఎటు పోతుందో ఎవరైనా చెప్పగలరు. లైఫ్ అనే హాస్య వారపత్రికలో బెంచ్లీ దీన్ని తీసిపారేశాడు, త్వరలోనే మూతపడుతుందని ధీమాగా ఉన్నాడు. అది 1927 దాకా, 2,327 ప్రదర్శనలు ఆడింది! ఆ పత్రికలో నగరంలో ఆడుతున్న ప్రతి నాటకానికీ వారం వారం ఒకటి రెండు వాక్యాల పరిచయం రాయడం అతని పని. కాబట్టి తనకు గిట్టని ఒకే నాటకం గురించి ఏళ్ల తరబడి, ప్రతి వారం కొత్తగా ఏదో ఒకటి రాయక తప్పలేదు. ప్రతి రాత్రీ జనం దీన్ని చూసి నవ్వుతున్నారు, ప్రజాస్వామ్యం ఎందుకు ఎన్నటికీ సఫలం కాలేదో దీన్నిబట్టి తెలుస్తుందని ఒక వారం రాశాడు. ఇంకో వారం కేవలం ‘హెబ్రీయులకు 13:8’ అని మాత్రమే వేశాడు. బైబిలు తెరిచి చూసుకున్నవారికి, యేసుక్రీస్తు నిన్న, నేడు, యుగయుగములకు ఒక్కటే రీతిగా ఉన్నాడనే వచనం కనిపిస్తుంది. మన ఊళ్లలో చర్చి గోడల మీద ఈ వచనాన్ని చదువుకుంటూ పెరిగిన తెలుగువాడికి ఈ హాస్యం అమెరికావాడి కన్నా ఒక క్షణం ముందే తడుతుందని నా నమ్మకం.

ఆ రెండు ముక్కల్లో ఏముందో గమనించాలి. నాటకం మారదు, జనం మారరు, సమీక్షకుడి గతీ మారదు. జనం తీర్పు ముందు తన తీర్పు చెల్లలేదని ఒప్పుకుంటూనే, తీర్పును మార్చుకోలేదు. కలెక్షన్ల లెక్క చూపించి విమర్శకుడి నోరు మూయించే అలవాటు మన సినిమా రంగంలో బాగా బలిసింది కాబట్టి, బెంచ్లీ మొండితనం మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. టికెట్లు తెగడమూ నాటకం బాగుండటమూ వేర్వేరు విషయాలని అతను ఐదేళ్ల పాటు చెబుతూనే ఉన్నాడు.

ఇంతకన్నా పెద్ద శత్రువుతో తలపడినవాడు జార్జ్ బెర్నార్డ్ షా. 1895 నుంచి 1898 దాకా లండన్ సాటర్‌డే రివ్యూలో జి.బి.ఎస్. అనే పొడి అక్షరాలతో వారం వారం రాశాడు. అప్పటి లండన్ రంగస్థలానికి మకుటం లేని మహారాజు లైసియం థియేటర్ అధిపతి హెన్రీ ఇర్వింగ్. 1895లోనే సర్ బిరుదు పొందాడు, ఆ గౌరవం దక్కిన మొదటి నటుడు. ఇర్వింగ్ షేక్‌స్పియర్‌ను తన సౌకర్యం కోసం కోసి కుట్టుకుంటాడని, నార్వే నాటకకర్త ఇబ్సెన్ వంటి సమకాలికుల వైపు కన్నెత్తి చూడడని షా ఫిర్యాదు. 1896 సెప్టెంబరులో లైసియంలో ‘సింబెలీన్’ వేశారు. నాయిక ఇమోజెన్ వేషం ఎలెన్ టెర్రీది. తమాషా ఏమిటంటే, ప్రదర్శనకు ముందు కొన్ని వారాలపాటు ఈ విమర్శకుడే ఆమెకు ఉత్తరాల ద్వారా పాత్రను రంగం రంగంగా బోధించాడు. ఆ తరువాత హాల్లో కూర్చుని చూసి, నాటకాన్ని మాత్రం నేలకేసి కొట్టాడు. హోమర్‌ను ఒక్కడిని మినహాయిస్తే, తన బుద్ధితో పోల్చుకున్నప్పుడు షేక్‌స్పియర్‌ను అసహ్యించుకున్నంత సంపూర్ణంగా ఇంకే మహారచయితనూ అసహ్యించుకోలేనని ఆ సమీక్షలోనే రాశాడు.

అదే సంవత్సరం డిసెంబరులో ఇర్వింగ్ ‘రిచర్డ్ ది థర్డ్’ వేశాడు. నటుడి పట్టు ఆ రాత్రి తప్పుతున్నట్టు, చుక్కాని మాట వినని ఓడలా ఉన్నట్టు షా రాసిన మాటలను చదివి, తాను తాగి వేదికెక్కానని ఇతను ఎత్తిపొడుస్తున్నాడని ఇర్వింగ్ వర్గం భావించింది. అప్పటికి షా రాసిన నెపోలియన్ నాటిక ‘ది మ్యాన్ ఆఫ్ డెస్టినీ’ ఇర్వింగ్ పరిశీలనలో ఉంది. అది వెనక్కి వచ్చేసింది. ఒక చేత్తో నాటకం ఇచ్చి, ఇంకో చేత్తో చురకలు వేసే ఈ మనిషిలో నిష్పాక్షికత ఎక్కడుందని అడగవచ్చు. ఎక్కడా లేదు, ఉందని అతనూ అనలేదు. ఆ సమీక్షల పుస్తకానికి రాసిన ముందుమాటలో, ఇది కలం మొనతో దారి కోసుకుంటూ లోపలికి రావలసి వచ్చిన ఒక రచయిత పంతొమ్మిదో శతాబ్దపు నాటకశాల మీద వేసిన ముట్టడి అని, కోటను కాస్తున్నవాళ్లలో కొందరిని కందకంలోకి తోయవలసి వచ్చిందని చెప్పుకున్నాడు. తన పక్షపాతాన్ని ఇంత బాహాటంగా ప్రకటించిన విమర్శకుణ్ణి, పక్షపాతం లేదని ప్రమాణం చేసే విమర్శకుడి కన్నా నేను ఎక్కువ నమ్ముతాను. అతని కళ్లజోడు నంబరు తెలుసు గనుక అతను చూపిన దృశ్యాన్ని నేను సరిచేసుకుని చూడగలను.

పరిశీలన లేని తిట్టు ఎలా కుళ్లిపోతుందో చూడాలంటే 1891 మార్చికి వెళ్లాలి. లండన్ సోహోలోని రాయల్టీ థియేటర్‌లో జె.టి. గ్రైన్ ఆధ్వర్యంలోని ఇండిపెండెంట్ థియేటర్ సంస్థ ఇబ్సెన్ ‘గోస్ట్స్’ను సెన్సారు ఆంక్షలు తప్పించుకోవడానికి సభ్యుల ప్రదర్శనగా వేసింది. మూత తీసిన మురుగుకాలువ, కట్టు విప్పిన రోత పుండు, నలుగురిలో చేసిన మలిన కార్యం అంటూ డైలీ టెలిగ్రాఫ్ సంపాదకీయం విరుచుకుపడింది. ఇతర పత్రికలూ తలా ఒక తిట్టు జోడించాయి. ఇబ్సెన్ అనువాదకుడైన విలియం ఆర్చర్ ఆ తిట్లన్నిటినీ ఓపికగా ఏరి, వరుసగా పేర్చి పాల్ మాల్ గెజిట్‌లో అచ్చువేయించాడు. తనవైపు నుంచి పెద్దగా వాదించాల్సిన అవసరమే లేకపోయింది. ఆ వాక్యాలు ఈనాటికీ నవ్విస్తాయి, కానీ నవ్వు రాసినవాళ్ల మీదికి మళ్లింది. కారణం సుస్పష్టం. మురుగు, పుండు అన్న మాటలను బట్టి వేదిక మీద ఒక తల్లి తన ఇంటి కూర్చునే గదిలో కొడుకుతో మాట్లాడుతోందని ఎవరైనా ఊహించగలరా? సమీక్షకుడు తన కడుపులో తిప్పడాన్ని వర్ణించాడు తప్ప నాటకాన్ని కాదు.

ఇదే పాపం ఇంకో రూపంలో జాన్ సైమన్ చేశాడు. 1968 నుంచి 2005 దాకా ‘న్యూయార్క్’ అనే పత్రికలో నాటక సమీక్షలు రాసిన ఇతనికి పాండిత్యానికి కొదవలేదు. కానీ నటీమణుల ముఖాలు, ముక్కులు, ఒంటి తీరు అతని వెటకారానికి ఎప్పుడూ సిద్ధంగా దొరికే సరుకులయ్యాయి. 1973లో నటి సిల్వియా మైల్స్ న్యూయార్క్‌లోని ఒక రెస్టారెంట్‌లో తిండి పళ్లేన్ని అతని మీద కుమ్మరించింది. నటి నడకను, ఉచ్చారణను, మౌనాన్ని విమర్శిస్తే ఆమె మరునాడు మార్చుకోగలదు, లేదా మార్చుకోనని భీష్మించుకోగలదు. ముక్కును ఏం చేసుకుంటుంది? అందుకే ఆ పళ్లెం విషయంలో నా ఓటు మైల్స్‌కే.

బ్రిటిష్ విమర్శకుడు కెనెత్ టైనన్ ఈ రెండు ఒడ్ల మధ్య నిలబడి ఉంటాడు. 1955లో స్ట్రాట్‌ఫర్డ్‌లో పీటర్ బ్రూక్ దర్శకత్వంలో ‘టైటస్ ఆండ్రోనికస్’ ఆడినప్పుడు, భర్త శవం మీదే తనపై అత్యాచారం జరగబోతోందని తెలిసిన లవీనియాగా వివియన్ లీ ముఖంలో కనిపించినది, శవానికి బదులు ఫోమ్ పరుపు ఉంటే బాగుండేదనుకునే మనిషికి కలిగే చిన్నపాటి చిరాకు మాత్రమేనని రాశాడు. ఈ వాక్యం చదివితే నవ్వు వస్తుంది, వెంటనే ఆ నవ్వు గొంతులో అడ్డుపడుతుంది. నటిలో లోపించిన తీవ్రతను ఇంతకన్నా కొలిచి చెప్పలేము. అయితే ఆ కొలతకు వాడిన కొలబద్ద ఒక స్త్రీ మీద జరిగే అత్యాచారం. పరిశీలనకు పూర్తి మార్కులు వేసి, అభిరుచికి కోత పెడతాను. వివియన్ లీ భర్త, ఆ నాటకంలో టైటస్ వేషధారి అయిన లారెన్స్ ఒలీవియే 1963లో నేషనల్ థియేటర్‌కు ఇదే టైనన్‌ను సాహిత్య సలహాదారుగా పెట్టుకున్నాడన్నది నాకు ఎప్పటికీ అంతుచిక్కని విశేషం.

సమీక్షకుల కలం పోటుకు నాటకాలు చచ్చిపోతాయన్న భయం కూడా సగమే నిజం. 1980లో లండన్ ఓల్డ్ విక్‌లో పీటర్ ఓటూల్ మెక్‌బెత్ వేసినప్పుడు పత్రికలన్నీ ముక్తకంఠంతో ఏకిపారేశాయి. ఆ తిట్లు చదివి, ఇంత ఘోరమైతే చూసి తీరాల్సిందేనని జనం ఎగబడ్డారు, హాలు నిండిపోయింది. నిర్మాత డేవిడ్ మెరిక్ ఇంకా గడుసువాడు. అంతంతమాత్రం సమీక్షలొచ్చిన తన సంగీత నాటకం కోసం, న్యూయార్క్ ఏడుగురు ప్రధాన విమర్శకుల పేర్లే ఉన్న ఏడుగురు మామూలు పౌరులను టెలిఫోన్ డైరెక్టరీలో వెతికి పట్టుకున్నాడు. వాళ్లకు భోజనం పెట్టించి, నాటకం చూపించి, వాళ్ల ఫొటోలతో సహా ప్రశంసలను 1962 జనవరిలో హెరాల్డ్ ట్రిబ్యూన్‌లో పూర్తి పేజీ ప్రకటనగా వేయించాడు. మోసం పసిగట్టి పత్రిక తరువాతి ముద్రణలలో దాన్ని తీసేసింది. మెరిక్‌కు ఈ ఆలోచన ఏళ్ల కిందటే వచ్చినా, టైమ్స్ విమర్శకుడు బ్రూక్స్ అట్కిన్సన్ పేరుతో ఇంకొకడు దొరకక, ఆయన పదవీ విరమణ దాకా ఆగవలసి వచ్చిందట.

నా వాదనకు అసలైన పరీక్ష 1958 మే నెలలో లండన్ హామర్‌స్మిత్‌లో ఉంది. అక్కడి లిరిక్ థియేటర్‌లో హెరాల్డ్ పింటర్ ‘ది బర్త్‌డే పార్టీ’ ఎనిమిది ప్రదర్శనలతో మూతపడింది. గురువారం మధ్యాహ్నపు ఆటకు ఆరుగురు ప్రేక్షకులు. ఆ ఆటకు వెళ్లిన పింటర్‌ను సీట్లు చూపించే అమ్మాయి అడ్డగించి, తానే రచయితనని అతను చెప్పగానే అయ్యో పాపమని జాలిపడిందట. ఈవెనింగ్ స్టాండర్డ్‌లో మిల్టన్ షుల్మన్ ఆ నాటకం చూడటాన్ని, నిలువు ఆధారాలన్నీ అడ్డం ఆధారాల నుంచి మన దృష్టి మళ్లించడానికే తయారు చేసిన గళ్ల నుడికట్టును నింపడంతో పోల్చాడు. అస్పష్టతే దానికదే బహుమతి అనుకునేవారికి ఇది బాగా నచ్చుతుందని కూడా చురక అంటించాడు. సండే టైమ్స్‌లో హెరాల్డ్ హాబ్సన్ ఒక్కడే, విమర్శకుడిగా తన ప్రతిష్ఠను పణంగా పెట్టి, పింటర్ ప్రతిభావంతుడని రాశాడు. ఆ ఆదివారం పత్రిక వచ్చేటప్పటికి నాటకం లేదు.

షుల్మన్ తీర్పు తప్పిందని చరిత్ర తేల్చింది. పింటర్‌కు 2005లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అయినా షుల్మన్‌ను నేను టెలిగ్రాఫ్ మురుగుకాలువ పక్కన కూర్చోబెట్టను. ఒక ఆధారం ఇంకో ఆధారాన్ని చెరిపేసే నుడికట్టు అన్నది పింటర్ సంభాషణకు ఎంత చక్కని వర్ణన! ఆ వాక్యం చదివిన బుద్ధిమంతుడైన పాఠకుడు, ఈయనకు నచ్చలేదు గానీ నాకు నచ్చేటట్టుందే అనుకుని టికెట్ కొనుక్కోవచ్చు. చూసినది సరిగ్గా చెప్పిన విమర్శకుడు తన తీర్పుకు వ్యతిరేకంగా వాదించడానికి కావలసిన సాక్ష్యాన్ని కూడా మన చేతిలో పెడతాడు. పాత్రలకు న్యాయం చేశారన్న వార్త చదివి ఎవరితోనైనా ఏ విషయంలోనైనా వాదించగలమా?

తెలుగు నాటకం అసలే ఊపిరి అందక ఉంది, జేబులోంచి డబ్బు పెట్టి ఆడేవాళ్లను ఇంకా కొట్టడమెందుకని మిత్రులు అంటారు. ఈ అభ్యంతరానికి బరువుంది. ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్స్‌కు వెచ్చించి, సొంత ఖర్చులతో బస్సెక్కి వచ్చి వేషం వేసేవాళ్ల మీద బ్రాడ్‌వే స్థాయి కత్తి దూయడం వీరత్వం కాదు. షా ఎంచుకున్నది సర్ బిరుదాంకితుణ్ణి, బెంచ్లీ ఎంచుకున్నది డబ్బు కురిపిస్తున్న నాటకాన్ని, రిచ్ ఎంచుకున్నది ఖరీదైన టికెట్లు అమ్మిన ప్రదర్శనను. కాబట్టి మనమూ ఔత్సాహిక బృందాలను వదిలి, ప్రభుత్వ బహుమతులు మూటగట్టుకుని ఊరూరా అదే నాటకాన్ని తిప్పుతున్న సమాజాలతోనూ, అమెరికా తెలుగు సభల వేదికల మీద లక్షల ఖర్చుతో సెట్లు వేసి, పద్యం ఎత్తుకోగానే శ్రుతి తప్పే కృష్ణులతోనూ మొదలుపెట్టవచ్చు. వెటకారం చేతకాకపోయినా ఫరవాలేదు. ఏ రంగంలో ఏ నటుడు ఏ మాటను ఎలా పలికాడో, అది ఎందుకు పండిందో, ఎందుకు తేలిపోయిందో పేరు పెట్టి అర కాలమ్ రాస్తే చాలు. ముఖ్య అతిథుల జాబితాను కాస్త కుదిస్తే ఆ స్థలం ఇప్పటి పేజీలోనే దొరుకుతుంది.